రాజేశం పట్టు

సోఫాను గోడకు నెట్టి, హాల్లో కార్పెట్ మీద నల్ల రబ్బరు చాపలు పరిచిన రోజే మేఘనను తిట్టి ఆపాల్సింది. ఆపలేకపోయాను. ఐర్లాండులో మూడో లాక్‌డౌన్ నడుస్తోంది. ఇల్లు దాటి ఐదు కిలోమీటర్లు పోతే పోలీసులు ఆపి ఎక్కడికని అడుగుతున్నారు. అత్లోన్‌లో అది స్కూలు రోజుల నుంచి పోతున్న జిమ్ము మూతపడింది. డబ్లిన్ దగ్గర లెపర్డ్స్‌టౌన్‌లోని దాని ఆఫీసేమో ల్యాప్‌టాప్ అయి మా వంటింటి బల్ల మీదికి వచ్చింది. మా ఆయన పోయాక ఆ ఇంట్లో ఉన్నది తల్లీకూతుళ్ళం ఇద్దరమే. నేను జీపీని, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరును, పొద్దంతా ఫోన్లో జనం ఆయాసం వినడమే ఆ రోజుల్లో నా వైద్యం. సాయంత్రానికి నాకు మాట్లాడే ఓపిక ఉండేది కాదు, దానికి మాట్లాడే మనిషి ఉండేది కాదు. అందుకే "అమ్మా, టెన్ మినిట్స్, ప్లీజ్. నా మీద కూర్చో చాలు" అని అది బతిమాలితే సరేనన్నాను. అది వెళ్ళి చాపల మీద వెల్లకిలా పడుకుంది.

"ఛీ ఛీ, లే! వీపు కిందికి పెట్టి పడుకుంటవేందే!" అని అరిచాను. నాలో అంత గొంతు మిగిలి ఉందని నాకే తెలియదు.

"ఇట్స్ గ్రాండ్, అమ్మా. దట్స్ ద హోల్ పాయింట్," అని నవ్వింది. బ్రెజిలియన్ జియుజిట్సులో వెల్లకిలా పడుకున్న మనిషి ఓడినట్టు కాదట. అక్కడి నుంచే కాళ్ళతో పైవాణ్ణి బంధించి, చెయ్యో మెడో దొరకబుచ్చుకుంటారట. నాకు ఒళ్ళు మండింది. దానికేం తెలుసు, మా ఇంట్లో వీపు అంటే ఏమిటో!

జగిత్యాలలో మా ఇంటి వెనుక సగం తాలీంఖానా, కుస్తీ నేర్పే చోటు. మా నాయిన దానికి ఉస్తాద్. కుస్తీలో ఒకటే లెక్క: రెండు భుజాలూ మన్నుకు అంటాయా, చిత్తు, ఆట అయిపోయింది. మగపిల్లలు నిద్రలో వెల్లకిలా తిరిగినా సరే, నాయిన పొద్దున్నే కాలితో తట్టి బోర్లా తిప్పేవాడు. జల్లించిన ఎర్రమన్నులో నువ్వుల నూనె, పుల్లమజ్జిగ, పసుపు కలిపి తొక్కేవారు. ఆ వాసన మా ఇంటి గోడలకూ దుప్పట్లకూ చివరికి అన్నానికి కూడా పట్టి ఉండేది. తెల్లవారకముందే అమ్మ రోటి ముందు కూర్చుని బాదం పప్పు, గసగసాలు, మిరియాలు నూరేది. ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. పహిల్వాన్లు తాగే పాలలోకి అది. మాకు కాదు. నా పని లంగోట్లు ఉతికి ప్రహరీ గోడ మీద ఆరేయడం, పాల బిందెను తాలీంఖానా గడప ఇవతల దించి వెనక్కి తిరగడం. ఆడపిల్ల ఆ మన్ను తొక్కకూడదు. నాయిన ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. కోపం వస్తే తడి తువ్వాలను మెలితిప్పి కొట్టేవాడు, ఎందుకు కొట్టాడో మనమే తెలుసుకోవాలి. నేను గడప దాటలేదు, నిజమే. కానీ వెనక్కి తిరిగే ముందు కళ్ళు మూసుకోమని ఎవరూ చెప్పలేదు కదా.

మా అన్న రాజేశం నాకంటే మూడేళ్ళు పెద్ద, నాయినకు ఒక్కడే కొడుకు. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. తాలీంఖానాలో అతన్ని ఎవరూ కిందపడేసేవారు కాదు. అతన్ని పడేయలేక కాదు. ఉస్తాద్ కొడుకును మన్నులో తొక్కి, ఆ తరువాత ఉస్తాద్ కళ్ళలోకి చూసే ధైర్యం ఎవడికుంది? ఆ సంగతి అన్నకూ తెలుసు. కొత్త పట్టు ఏదైనా నాయిన ముందు తప్పుగా చేస్తే తువ్వాల దెబ్బ కాబట్టి, ముందుగా చేసి చూసుకోవడానికి అతనికి ఒక ఒళ్ళు కావాలి. మధ్యాహ్నం నాయిన కునుకు తీసే వేళ నన్ను మేకల కొట్టంలోకి తీసుకుపోయేవాడు. గడ్డి మీద గోనె సంచులు పరిచి, నన్ను బోర్లా పడుకోబెట్టి, మీద పడి తిప్పడం నేర్చుకునేవాడు. నాకు పన్నెండేళ్ళు. నా పని కింద ఉండడం.

నెలల తరబడి ఉన్నాను. గోనె గరుకు చెంపలకు, మేకల ఉచ్చ కంపు ముక్కుకు, అన్న గడ్డం నా భుజం ఎముకకు. పైనున్నవాడికి తెలియనిది కిందున్నవాళ్ళకు తెలుస్తుంది. గెలిచాననుకున్న క్షణంలో అన్న తన కుడి చెయ్యి నా పక్కటెముకల కిందికి దూర్చేవాడు, ఆ వెంటనే ఒళ్ళంతా ఆ వైపే వాలేది. ఒక రోజు విసుగెత్తి, ఉత్త విసుగుతోనే, ఆ చేతిని చంకలో బిగించి అదే వైపుకు దొర్లాను. అన్న నా మీదుగా పోయి వెల్లకిలా పడ్డాడు. టప్పుమని ఏదో విరిగిన చప్పుడైంది. అతని కుడిచేతి చూపుడు వేలు.

"ఏం జేసినవే?" అన్నాడు.

"ఏమో."

"మల్ల జెయ్."

విరిగిన వేలుతోనే నాతో మళ్ళీ మళ్ళీ చేయించాడు. ఎట్లా జరుగుతోందో అర్థమయ్యేదాకా ఏడవలేదు, అర్థమయ్యాక కూర్చుని ఏడ్చాడు. వేలు తలుపులో పడిందని నాయినకు చెప్పాడు. అది వంకరగానే అతుక్కుంది. ఆ తరువాత అతనికి నేర్పాలంటే అతను బోర్లా పడుకుని నేను పైన ఉండాలి కదా, దానికి ఒప్పించడానికే నాకు వారం పట్టింది.

ఆ దసరా కుస్తీల్లో అన్నకు నిజామాబాదు వైపు నుంచి వచ్చిన పహిల్వాన్ జోడీ పడ్డాడు. ఆడవాళ్ళం బడి మేడ మీది నుంచి చూస్తున్నాం. ఆ వచ్చినవాడికి మా ఉస్తాద్ కొడుకనే భయం ఏముంటుంది? రెండు నిమిషాల్లో అన్నను మన్నులో బోర్లా వేసి మీద ఎక్కాడు. అన్నకు అది అలవాటు లేని చోటు. కదలడం లేదు. నాయిన గోదా అంచున నిలబడి తువ్వాలను చేతికి చుట్టుకుంటున్నాడు. నేను పిట్టగోడను పట్టుకుని, చెయ్యి రానీ, చెయ్యి రానీ అని లోపల్లోపల అంటున్నాను. వాడి చెయ్యి అన్న పక్కటెముకల కిందికి వచ్చింది. అన్న బిగించి దొర్లాడు. మన్ను ఎగిరింది. ఆ పెద్దమనిషి వీపు నేలకంటింది. జనం కేకలకు నా పక్కనున్న ముసలమ్మ చెవులు మూసుకుంది.

ఇంటికొచ్చాక మాత్రం నాయిన ముఖంలో సంతోషం లేదు. అన్నను వాకిట్లో నిలబెట్టి, "ఎవడు నేర్పిండు రా? నేను నేర్పలే. ఇది మన పట్టు గాదు," అన్నాడు. పక్క తాలీంఖానాకు దొంగతనంగా పోయాడని ఆయన అనుమానం. మా ఇంట్లో అంతకు మించిన ద్రోహం లేదు. నేను పాల గ్లాసు పట్టుకుని దర్వాజా దగ్గర ఉన్నాను. అన్న నన్ను చూశాడు. నిజం చెప్తే నా వీపు చిట్లిపోతుంది, బడి మాన్పిస్తారు, ఏడాది తిరక్కుండా ఎవరికో ఇచ్చి పంపేస్తారు. అక్కడున్న ముగ్గురిలో అన్నకూ నాకూ ఆ సంగతి తెలుసు.

"నేనే కనిపెట్టిన నాయినా," అన్నాడు అన్న.

నాయిన కొడుకును వాటేసుకుని ఏడ్చాడు. ఆయన ఏడవడం అదొక్కసారే చూశాను. అమ్మ మాత్రం వచ్చి నా చెయ్యి గట్టిగా నొక్కి, గ్లాసు తీసుకుని పోయింది. నా తలలో గడ్డి పరకలు నెలల తరబడి ఏరిన మనిషికి తెలియకుండా ఉంటుందా?

ఆ అబద్ధం ఆ రోజు నన్ను కాపాడింది. ఆ మాట ఒప్పుకోకపోతే నేను కృతఘ్నురాలిని. నేను చదువుకుని డాక్టరునైంది కూడా దాని చలవే. కానీ నాయిన పోయి ఎన్నేళ్ళయింది? ఇక ఎవరికి భయపడి? అన్న ఉస్తాద్ అయ్యాడు, తాలీంఖానా బోర్డు మీద 'రాజేశం పట్టు నేర్పబడును' అని రాయించాడు. నేను పెళ్ళయి మొదటిసారి పుట్టింటికి పోతే, మా ఆయన్ని కూర్చోబెట్టి ఆ పట్టు తానెట్లా కనిపెట్టాడో చేతులు తిప్పుతూ చెప్పాడు, నా ముందే, కన్ను కూడా ఆర్పకుండా. నేను పకోడీలు తెచ్చి పెట్టాను.

ఇదంతా తలలో తిరుగుతుండగా, ఆ సాయంత్రం అత్లోన్‌లో, మేఘన మీద కూర్చోకుండా, నేనే బోర్లా పడుకుని నన్ను పట్టుకోమన్నాను. అది మీద ఎక్కింది. చెయ్యి పక్కటెముకల కిందికి వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ నా నడుం దొర్లింది. మేఘన వెల్లకిలా పడి, పైకప్పు చూస్తూ, "జీసస్, అమ్మా. వేర్ డిడ్ యూ గెట్ దట్?" అంది.

"రాజేశం పట్టు. మీ మామది," అన్నాను. అలవాటుగా వచ్చేసింది ఆ మాట. నా నాలుకను నేనే కోసుకోవాలనిపించింది.

అది ఊరుకోలేదు. వాళ్ళ కోచ్ ఎడ్సన్ అనే బ్రెజిల్ అతను. గోర్ట్‌లో మాంసం ఫ్యాక్టరీలో పని కోసం వచ్చి, తరువాత అత్లోన్‌లో జిమ్ము పెట్టుకున్నాడు. లాక్‌డౌన్‌లో పిల్లలు చెదిరిపోకుండా శనివారం శనివారం జూమ్‌లో కలుపుతున్నాడు. ఒక్కో వారం ఒక్కరు ఒక పట్టు తెచ్చి అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. ఆ మీటింగుల్లో నేనూ ఒకటి రెండు సార్లు మేఘన పక్కన కూర్చున్నాను. ఈ విద్య ఎవరిదన్న పేచీ తెగేది కాదు. జపాన్ నుంచి ఓడెక్కి బ్రెజిల్ వచ్చినవాడొకడు జూడో నేర్పాడని, ఒక పెద్ద ఇంటివాళ్ళు అది నేర్చుకుని మార్చారని, ఆ ఇంట్లో బక్కపలచని చిన్నకొడుకు కింద నుంచి పోరాడే దారి కనిపెట్టాడని ఒక కథ. కాదు, జపాన్‌వాళ్ళకు అది ముందే తెలుసని ఇంకొకరు. బౌద్ధ సన్యాసులు ఇండియా నుంచి పట్టుకుపోయారని ఒక అబ్బాయి నన్ను మెప్పించడానికి అన్నాడు, నేను నవ్వాపుకున్నాను. ఎడ్సన్ నేర్చుకున్నది ఆ పెద్ద ఇంటి దగ్గర కాదు, ఊరి చివర పేదవాళ్ళకు నేర్పిన వేరే గురువు వరుసలో. "మావాళ్ళకు పేపర్లు లేవు, ఫొటోలు లేవు. జిమ్ము ఎవరిదైతే కథ వాళ్ళది," అన్నాడు ఒకసారి, తన ముక్కల ఇంగ్లీషులో. ఆ మాట నాలో ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

మేఘన నన్ను అడగకుండానే మామకు వాట్సాప్ చేసి, ఒక శనివారం ఆయన చేత చెప్పించడానికి ఒప్పించేసింది. విషయం తెలిసి నేను కేకలు వేశాను, ఆ కేకల్లో నిజం బయటపడింది. మేకల కొట్టం నుంచి అన్నీ చెప్పేశాను. అది "దెన్ యూ హావ్ టు టెల్ దెమ్," అంది.

"వాడే చెప్పాలె. నేను చెప్తే అడుక్కున్నట్టుంటది. చూస్త, ఈసారన్నా చెప్తడేమో," అన్నాను.

ఆ శనివారానికి పది రోజులుందనగా ఇండియాలో రెండో వేవ్ మా ఇంటిని తాకింది. అన్నకు జ్వరం. నేను రోజూ పొద్దున క్లినిక్‌కు పోయే ముందు వీడియో కాల్ చేసేదాన్ని. ఐదో రోజు మాటల మధ్య ఊపిరి తెగుతోంది. ఒక్క ఊపిరితో ముప్పై దాకా లెక్కపెట్టమన్నాను. "ముప్పై ఏందే, వంద దాకా లెక్కవెడ్త," అని మొదలుపెట్టి, పదకొండు దగ్గర ఆగి, సిగ్నల్ పోయిందని ఫోన్ కట్ చేశాడు. మళ్ళీ చేసి ఆక్సిమీటర్ చూపించమన్నాను. చూపించాడు: తొంభై ఏడు. అన్న ముఖం కనబడకుండా, పరికరం, వేలు మాత్రమే కనిపించేలా ఫోన్ పట్టుకున్నారు. రోజంతా ఊరూరి జనం వేళ్ళ మీద అంకెలు వినే దాన్ని నేను. తొంభై ఏడు చూసి ఒక్క క్షణం నమ్మాను కూడా. తరువాత వేలు చూశాను. కుడిచేతి చూపుడు వేలు, నిటారుగా, నున్నగా.

"అన్నా, ఆ వేలు ఎవరిది?"

"నాదే."

"నీ వేలు ఇరగ్గొట్టింది నేను. నాకు తెల్వదా?"

 వేలు మా మేనల్లుడిదని, వాళ్ళ నాన్నే బలవంతం చేశాడని వదిన ఏడుస్తూ చెప్పింది. అన్న చేతికి పెట్టించాను. ఎనభై నాలుగు.  దమ్మే పహిల్వాన్ ఆస్తి. దమ్ము లేదని పోరగాళ్ళ ముందు ఒప్పుకోవడం కంటే చావడం నయమనుకున్నాడు మా అన్న.

"దవాఖానకు పో. ఇప్పుడే."

"పోను. పోయినోళ్ళు... వస్తలేరు. ఇంట్లనే ఉంట."

బతిమాలాను, తిట్టాను, అమ్మ పేరు ఎత్తాను. వినడు. ఇంకేం చేయాలో తోచలేదు. చివరికి నోటికి వచ్చింది ఇది: "నువ్వు ఇప్పుడే బండెక్కితే ఆ పట్టు ముచ్చట నేను బతికున్నన్ని రోజులు ఎవ్వలకు చెప్పను. ఎక్కకుంటే శనివారం అందరి ముందర చెప్త."

నలభై ఏళ్ళకు పైగా మా ఇద్దరి మధ్య ఆ సంగతి ఎత్తడం అదే మొదలు. అన్న చాలాసేపు ఆయాసపడుతూ నన్ను చూశాడు.

"బెదిరిస్తున్నవా?"

"అవ్."

బండెక్కాడు. నాతో చదువుకున్న డాక్టర్ కరీంనగర్‌లో మంచం ఇప్పించింది. పన్నెండు రోజులు. రోజూ ఫోన్ చెవి దగ్గర పెట్టించి, "అన్నా, బోర్లనే ఉండు, తిరగకు" అని చెప్పేదాన్ని. మాస్కులోంచి వినిపించే ఆ గురగుర తప్ప జవాబు ఉండేది కాదు. ఇక్కడ పేషెంట్లతో మాట్లాడుతూ మధ్యలో మర్చిపోయి తెలుగులోకి దిగిపోయేదాన్ని. చిన్నప్పుడు మా నాయిన దెబ్బకు భయపడ్డాను గానీ, ఆ పన్నెండు రోజులు భయపడ్డట్టు ఎన్నడూ భయపడలేదు.

ఇంటికి తిరిగొచ్చాడని తెలిసిన రోజు మేఘన నన్ను పట్టుకుని ఏడ్చింది. కన్నీళ్ళు తుడుచుకున్నాక కోపం తెచ్చుకుంది. "యూ గేవ్ ఇట్ అవే. ఇట్ వాజ్ యువర్స్, అండ్ యూ గేవ్ ఇట్ అవే."

"మాటిచ్చిన. నువ్వు కూడా నోరు తెరవద్దు," అన్నాను. ప్రాణం ముందు పట్టెంత అని దానికి చెప్పాను. నాకు నేను చెప్పుకోలేకపోయాను. ఆ రోజుల్లో ఒంటరిగా ఉన్నప్పుడు నాకు అన్న బతికాడన్న సంతోషంతో పాటు, ఛీ అనిపించేంత కడుపుమంట కూడా ఉండేది. అప్పుడు పన్నెండేళ్ళ పిల్ల నోరు మూసుకుంటే భయపడింది అనవచ్చు. ఇప్పుడు నా ఇంట్లో, నా సంపాదనతో, ఎవరి తువ్వాలకూ భయపడనక్కరలేని దాన్ని, మళ్ళీ నా నోటికి నేనే గుడ్డ కట్టుకున్నాను.

వాయిదా పడిన ఆ జూమ్ ఇక్కడి ఎండాకాలంలో, జూలైలో జరిగింది. తెర మీద ఇరవై చిన్న గళ్ళు. ఒక గడిలో అన్న, సగానికి సగం తగ్గి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాయిన ఫొటో కింద కూర్చున్నాడు. నేను కెమెరాకు కనబడకుండా మేఘన పక్కన కుర్చీ వేసుకున్నాను. అన్న కథ బాగా చెప్తాడు. దసరా, నిజామాబాదు పహిల్వాన్, ఎగిరిన మన్ను, నాయిన కన్నీళ్ళు, అన్నీ చెప్పాడు. చివర్న "నేనే కనిపెట్టిన" అన్నాడు. మేఘన మాట మార్చకుండా ఇంగ్లీషులో చెప్పింది. నేను నా గోళ్ళు చూసుకుంటున్నాను.

ఎడ్సన్ గడ్డం రుద్దుకుంటూ అంతా విన్నాడు. "మంచి పట్టు. వేరే పేరుతో మాకూ ఉంది, జపాన్‌వాళ్ళకూ ఉంటుంది. కానీ ఇది కిందున్న మనిషికి దొరికే పట్టు. పైనున్నవాడికి దీని అవసరమే రాదు. ఉస్తాద్ ప్రాక్టీసులో ఎవరి కింద ఉండేవారు?" అన్నాడు.

మేఘన తన వచ్చీరాని తెలుగులో అడిగింది. "మామా, నువ్వు... ఎవరి కింద ఉన్నావ్? ప్రాక్టీసులో?"

"నేనా?" అన్న ఛాతీ నిండా ఊపిరి పీల్చబోయి దగ్గాడు. "నేను కిందుండుడేంది బిడ్డా! తాలీంఖానల నన్ను కిందేసిన మొగోడే లేడు."

మేఘన అక్షరం పొల్లుపోకుండా అనువదించింది.  ఎడ్సన్ నవ్వలేదు. మెల్లగా, "దెన్ హూ వాజ్ అండర్నీత్?" అన్నాడు.

అడగవద్దని మేఘనకు తల అడ్డంగా ఊపాను. మోకాలు పట్టుకుని నొక్కాను కూడా. అది నా చెయ్యి తీసేసి, తెర వైపే చూస్తూ, "మరి కింద ఎవరు ఉన్నారు, మామా?" అంది.

 నా వృత్తి అలవాటు, అన్న ఛాతీ లేస్తున్నదా అని చూస్తున్నాను. ఒకటి, రెండు, మూడు ఊపిరులు. నాయిన ఫొటో వైపు ఒకసారి తల తిప్పాడు. తరువాత ఫోన్‌కు దగ్గరగా వంగి, కళ్ళు చిట్లించి, ఆ గళ్ళన్నిటిలో ఎవరినో వెతికాడు.

"ఆడనే ఉన్నది గద, నీ పక్కకు," అన్నాడు. "ముందుకు రమ్మను."

నేను లేచేలోపు మేఘనే ల్యాప్‌టాప్‌ను నా వైపు తిప్పింది.